వెతికితే దొరకలేదు – అంటే లేదనా?

మన హాస్టల్లో కొన్నేళ్ళు చదివిన వాళ్ళకెవరికైనా ట్రంకుపెట్టెల సోదా గుర్తుండే ఉంటుంది. ఎవరిదో జామెట్రీ బాక్సు పోతుంది. రాత్రి స్టడీ అవర్ ఆపించి అందరి పెట్టెలూ వెతికిస్తారు. "అన్నీ చూశాం సార్, దొరకలేదు" అంటాడు లీడరు. ఊరికెళ్ళిన నలుగురి పెట్టెలకు తాళాలున్నాయనీ, వాటిని తెరవనే లేదనీ చెప్పడు. సారూ అడగరు. చివరకు ఏ పాపమూ తెలియని ఒకడి మీద అనుమానం పడుతుంది. నేను రాయబోయేది కంప్యూటర్ సంగతే కానీ, అసలు చిక్కు ఇక్కడే ఉంది.

సాఫ్ట్‌వేర్ అంటే ఒక్క ఫైలు కాదు. పెద్ద ప్రోగ్రాంలో వేల ఫైళ్ళు, లక్షల లైన్ల కోడ్ ఉంటాయి. ఫలానా ఫంక్షన్‌ను ఎక్కడెక్కడ వాడారో కళ్ళతో వెతకలేం. అందుకు పుట్టిన పాత సాధనం గ్రెప్. 1973లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ దీన్ని తయారుచేశారు. అక్కడే పనిచేసే లీ మెక్‌మాన్ అప్పట్లో ఫెడరలిస్ట్ పేపర్స్ మీద పరిశోధన చేస్తున్నారు. అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ 1787-88లో కలంపేరుతో వెలువడిన 85 వ్యాసాలవి. ఏది ఎవరు రాశారో పదాల వాడకాన్ని బట్టి తేల్చాలని ఆయన ప్రయత్నం. ఆ ఫైళ్ళేమో 'ఎడ్' అనే అప్పటి ఎడిటర్‌లో పట్టేవి కావు. ఎడ్‌లోని వెతికే భాగాన్ని విడదీసి థాంప్సన్ వేరే ప్రోగ్రాంగా ఇచ్చారు. 'అన్ని లైన్లూ చూడు, ఈ నమూనా ఉన్నవాటిని చూపించు' అనడానికి ఎడ్‌లో వాడే జి, ఆర్ఇ, పి అనే ఆజ్ఞే దానికి పేరైంది.

2016లో ఆండ్రూ గాలంట్ రస్ట్ భాషలో రిప్‌గ్రెప్ అనే కొత్త సాధనాన్ని విడుదల చేశారు. విజువల్ స్టూడియో కోడ్‌లో మనం అన్ని ఫైళ్ళలో వెతికినప్పుడు లోపల పనిచేసేది ఇదే. దాని వేగానికి ఒక కారణం, అది కొన్నింటిని అసలు చూడకపోవడం. 'గిట్‌ఇగ్నోర్' జాబితాలో ఉన్నవి, పేరు చుక్కతో మొదలయ్యే దాపుడు ఫైళ్ళు, ఫోల్డర్లు, అక్షరాలు కాని బైనరీ ఫైళ్ళు - వీటిని వదిలేస్తుంది. మనిషికి ఇది మేలే. అక్కరలేని చెత్త కళ్ళముందుకు రాదు. అనుమానమొస్తే పక్క సీటులోని సీనియర్‌ని అడుగుతాడు.

ఇప్పుడు ఈ సాధనాన్ని వాడేది మనిషి ఒక్కడే కాదు, కృత్రిమ మేధ ఏజెంట్ కూడా. ఏజెంట్‌కు మన కంప్యూటర్ నేరుగా కనిపించదు. దానికి ఒక పట్టిక ఇస్తాం: సాధనం పేరు, అది ఏం చేస్తుందో వివరణ, ఏమేమి ఇవ్వాలో. ఏజెంట్ ఆ పట్టిక చదివి 'ఈ పదం కోసం వెతుకు' అని రాస్తుంది. మన ప్రోగ్రాం వెతికి, ఫలితాన్ని అక్షరాల రూపంలో తిరిగి ఇస్తుంది. అంతే. ఆ వివరణలో రాయనిది ఏజెంట్ అంచనా వేసుకోవలసిందే.

నేను పనిచేసిన ఒకచోట అలాంటి సాధనానికి వివరణ రాసే పని నాకే వచ్చింది. "కోడ్‌లో వెతుకుతుంది" అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను. తెలిసిన విషయానికి ఇంత వివరం దేనికని నా ధీమా. కొన్నాళ్ళకు ఏజెంట్ ఒక చిన్న ఫంక్షన్ గురించి "ఇది ఎక్కడా వాడుకలో లేదు, తీసివేయవచ్చు" అంది. తీసేశాం. రాత్రి తనంతట తాను నడవాల్సిన పని ఆగిపోయింది. ఆ ఫంక్షన్‌ను పిలిచే స్క్రిప్ట్ చుక్కతో మొదలయ్యే ఫోల్డర్‌లో ఉంది! తాళం వేసిన పెట్టె అన్నమాట. ఏజెంట్‌ను తప్పుపట్టి లాభం లేదు, అది నా వాక్యాన్ని నమ్మింది.

మర్నాడు కూర్చుని వివరణ మొత్తం తిరగరాశాను. దేన్ని చూడదో మొదటే రాశాను. చూడాలంటే 'యు' అనే ఐచ్ఛికం ఒకసారి ఇస్తే గిట్‌ఇగ్నోర్‌ను పట్టించుకోదనీ, రెండుసార్లిస్తే దాపుడు ఫైళ్ళు కూడా చూస్తుందనీ, మూడుసార్లిస్తే బైనరీ ఫైళ్ళు సైతం వెతుకుతుందనీ చేర్చాను. ఫలితాలు మరీ ఎక్కువైతే ఏజెంట్ జ్ఞాపకం నిండిపోతుంది కాబట్టి మా సాధనం మొదటి వందే ఇచ్చేది. ఆ సంగతి ఎక్కడా చెప్పలేదు, పైగా వందే ఉన్నాయన్నట్టు ఇచ్చేది. 'ఇంకా ఉన్నాయి, ఫోల్డర్ పేరిచ్చి వెతకండి' అనే మాట ఫలితం చివర వచ్చేట్టు చేశాం.

ఇంకొకటి నాకూ అప్పుడే తెలిసింది. వెతికే నమూనాలో చుక్కకు, బ్రాకెట్టుకు ప్రత్యేక అర్థాలుంటాయి. ఫంక్షన్ పేరు పక్కన తెరిచిన బ్రాకెట్టును అలాగే ఇస్తే, మూసే బ్రాకెట్టు లేదని రిప్‌గ్రెప్ తప్పు చూపిస్తుంది. ఉన్న అక్షరాలను ఉన్నట్టే వెతకమనడానికి 'ఎఫ్' ఐచ్ఛికం వాడాలి. దొరికితే 0, దొరకకపోతే 1, పనిలోనే తప్పు జరిగితే 2 అనే సంకేతం అది ఇస్తుంది. మా సాధనం ఈ 1కీ, 2కీ కూడా ఖాళీ జవాబే ఇచ్చేది. అంటే వెతకడమే జరగకపోయినా "లేదు" అన్నట్టే! నా ఒక్క వాక్యం కన్నా ఇది పెద్ద తప్పని నా అభిప్రాయం. వివరణ రాయడానికి కూర్చోకపోతే ఎవరి కంటా పడేది కాదు.

మార్పుల తర్వాత అదే ప్రశ్న మళ్ళీ వేసి చూశాం. ఈసారి ఏజెంట్ మామూలు ఫైళ్ళలో దొరకలేదని చెప్పి, ఆగకుండా దాపుడు ఫోల్డర్లలోనూ వెతికి, ఆ స్క్రిప్ట్‌ను బయటికి తీసింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీ స్కూల్ ల్యాబ్‌లో లైనక్స్ ఉన్న కంప్యూటర్ ఉంటే గ్రెప్ అందులో ఉంటుంది. రిప్‌గ్రెప్ కూడా ఉచితమే. నాలుగు ఫైళ్ళు రాసి, ఒకదాని పేరు ముందు చుక్క పెట్టి, రిప్‌గ్రెప్‌తో ఫోల్డర్ మొత్తం వెతికి చూడండి. ఎన్ని దొరికాయో లెక్కపెట్టండి.