ముడి దగ్గర కర్ర యెందుకు పగులుతుంది?



అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో తరిణి పట్టి, లక్క పూసి చేసే బొమ్మలు మీరెరిగినవే. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వాటికి వాడేది అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా వుండి ఉలికి లొంగుతుంది. కాని కొమ్మ మొలిచిన చోట, అంటే ముడి దగ్గర, పగులు కనబడిందంటే కొనేవాడు పెదవి విరుస్తాడు. బొమ్మ తయారయ్యాక పగిలిందా, పనివాడి కూలి కూడా పోయినట్లే. తప్పు తరిణిదని అనుకుంటాం గాని, చాలావరకు ఈ పగులుకు మూలం చెట్టు మీదా, కర్ర ఆరబెట్టే చోటా వుంటుంది.

ముడి అంటే మరేమీ కాదు, మాను లావెక్కుతూ తనలో కలుపుకున్న కొమ్మ మొదలే. మాను పోగులు నిలువుగా సాగితే కొమ్మ పోగులు వాటికి అడ్డంగా పోతాయి. పచ్చి కర్ర పూర్తిగా ఆరేసరికి నిడివిలో నూటికి 0.1 నుంచి 0.2 వంతు మాత్రమే తగ్గుతుంది. అడ్డంగానైతే, జాతిని బట్టి, నూటికి 3 నుంచి 10 వంతుల దాకా తగ్గుతుంది. ఇక చూడండి: ముడి అన్ని వైపులా చిక్కిపోతానంటుంది, చుట్టూ వున్న కర్ర నిలువు దిక్కున కదలనంటుంది. ఆ పెనుగులాటలో ముడి నడిమి నుంచి నక్షత్రంలా విచ్చుకుంటుంది. కొమ్మ ముందే ఎండిపోయి, దాని చుట్టూ మాను పెరిగితే ఇంకొక తంటా. మధ్యలో బెరడు చిక్కి పోగులు కలవవు. ఆరాక ఆ ముడి బిరడాలాగ వూడి వస్తుంది.

అందుచేత రైతు చేయవలసిన పని చెట్టు దగ్గరే మొదలవుతుంది. పక్కకొమ్మలను వేలి లావున వున్నప్పుడే పదునైన కత్తితో తీసివేయాలి. కొమ్మ మొదట వుబ్బెత్తుగా వుండే భాగాన్ని గాయపరచకూడదు, అలాగని జానెడు మొడ్డు వదలనూకూడదు. ఆ మొడ్డే ఎండి రేపటి వదులు ముడి అవుతుంది.

కర్ర నరికాక తొందర పనికిరాదు. వడగాడ్పుల రోజుల్లో నరికి యెండలో పడవేస్తే పైభాగం ముందు ఆరుతుంది, లోపలి తడి అలాగే వుంటుంది, పగులు తప్పదు. వానలు వెనకబట్టాక నరకడం మేలు. ముక్కలు కోసేటప్పుడు ముడి చివరన పడకుండా చూడండి. రెండు చివరలకూ, బయటపడిన ముడులకూ కరిగించిన మైనం పట్టించండి. పేడ, మన్ను కలిపి అలికినా కొంత మేలే గాని మైనమంత కాదు. తొక్క వుంచితే నెమ్మదిగా ఆరుతుంది, అయితే పురుగూ బూజూ పట్టవచ్చు. తెల్ల కర్రకు మచ్చే పెద్ద నష్టం గనుక వారానికొకసారి తిరగవేసి చూడాలి. నీడలో, గాలి తగిలేటట్టు, మధ్య బద్దలు పెట్టి పేర్చండి. ఒక ముక్కను గుర్తు పెట్టుకొని వారం వారం తూచండి. బరువు తగ్గడం ఆగితే అక్కడి గాలికి తగినంత ఆరినట్లు.

గిన్నెలు, భరిణెలవంటి వాటిని పచ్చిమీదనే మందంగా తొలిచి, ఆరాక తుదిరూపు దిద్దడం మంచి పద్ధతి. అడ్డకొలతలో పదో వంతు మందం వుంచితే చాలు, అన్ని చోట్లా సమానంగా వుండాలి.

"లక్క పూస్తే పగులు మూసుకోదా?" అని అడిగేవారున్నారు. వెంట్రుకవాసి పగులైతే, కర్ర ఆరినదైతే, మూసుకుంటుంది. తడి కర్రకు పూస్తే కర్ర ఇంకా కుదించుకొని లక్కనూ చీల్చుతుంది. ఏ మరమ్మతైనా ఆరిన తరువాతే. సన్నని పగులులోకి పలుచని సూపర్ గ్లూ ఇంకనివ్వాలి. వెడల్పైతే అదే కర్ర పొట్టును జిగురుతో కలిపి కూరాలి. ఇంకా పెద్దదైతే అదే జాతి చీలికను పోగులు ఒకే దిక్కున వచ్చేటట్టు దిగగొట్టి అతకాలి. వదులు ముడిని బయటికి తీసి, బెరడు గీకి, తిరిగి అతకవచ్చు. మైనం తగిలిన చోట జిగురు పట్టదు, ముందు ఆ పొర చెక్కివేయాలి.

జిగురు పూర్తిగా గట్టిపడక ముందు తరిణి తిప్పరాదు. ముడి ముక్క యెగిరి కంటికి తగలవచ్చు. మొదట నెమ్మదిగా తిప్పి, ముఖానికి అడ్డు పెట్టుకొని పని చేయాలి. పసిపిల్లలు నోట పెట్టుకునే గిలక్కాయలకు మాత్రం అతికిన ముడి వద్దు. ఆ కర్ర కుంకుమ భరిణెకు పనికివస్తుంది.