ఐడ్లింగ్‌లో ఇంజిన్ వణుకు: గ్యాస్కెట్ మారిస్తే సరిపోదు

సిగ్నల్ వద్ద ఆగినప్పుడు వణికే పెట్రోలు కారు ఇంజిన్, వేగం అందుకోగానే సర్దుకుంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్ వద్ద గాలి లీకును అనుమానించాలి. ఐడ్లింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉండటంతో మానిఫోల్డ్‌లోని పీడనం వాతావరణ పీడనంలో సుమారు మూడో వంతుకు పడిపోతుంది. అప్పుడు సన్నని సందు నుంచి కూడా గాలి చొరబడుతుంది. గాలి ప్రవాహాన్ని కొలిచే సెన్సర్‌ ఉన్న ఇంజిన్లలో ఈ గాలి లెక్కకు అందదు. మిశ్రమంలో ఇంధనం పాలు తగ్గుతుంది. యాక్సిలరేటర్ నొక్కితే లోపలికి వెళ్లే గాలి పెరిగి, లీకు ప్రభావం తగ్గుతుంది. లీకును వెతకడానికి వేడి ఇంజిన్‌పై మండే స్వభావమున్న స్ప్రే కొట్టడం ప్రమాదకరం. పొగ పరీక్ష మేలు.

చాలామంది గ్యాస్కెట్ మార్చి ఊరుకుంటారు. మానిఫోల్డ్‌ను పట్టి ఉంచే స్టడ్ విరిగితే ఆ ఖర్చు వృథాయే. విరిగిన మొన బయటికి ఉంటే తుప్పు వదిలించే నూనెలో నానబెట్టి, రెండు నట్లను ఒకదానికొకటి బిగించి తిప్పవచ్చు. లోపలే విరిగితే సరిగ్గా మధ్యలో డ్రిల్ చేయాలి. బిట్టు పక్కకు జారితే, ఉక్కు కన్నా మెత్తనైన అల్యూమినియం హెడ్‌లోని మర చెడిపోతుంది. ఎక్స్‌ట్రాక్టర్‌ను బలవంతంగా తిప్పడం మరీ ముప్పు. అది లోపల విరిగితే మామూలు బిట్టు దానిని కోయలేదు. అనుమానం కలిగిన చోటే ఆగి, బండిని అనుభవమున్న వర్క్‌షాపుకు అప్పగించడం చౌక.