కాంతి సహాయంతో గర్భాశయ ముఖద్వార కణజాల పరిశీలన

దుకాణంలో పెద్ద నోటును అతినీలలోహిత దీపం కింద పెట్టి చూడటం మీరు గమనించే ఉంటారు. మామూలు వెలుతురులో కనిపించని గుర్తులు అక్కడ మెరుస్తాయి. ఒక పదార్థం కాంతిని శోషించుకుని, అంతకంటే ఎక్కువ తరంగదైర్ఘ్యం గల కాంతిని వెంటనే వెలువరించడాన్ని ప్రతిదీప్తి అంటాం. గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పులను గుర్తించడానికి కూడా ఈ సూత్రం తోడ్పడుతుంది.

ముఖద్వారం పైపొర ఉపకళ. దాని కింద కొలాజెన్ పోగులు, రక్తనాళాలు గల సంయోజక కణజాలం ఉంటుంది. ఉపకళ కణాల్లోని ఎన్‌ఏడీహెచ్ అనే అణువుపై సుమారు 340 నానోమీటర్ల కాంతి పడితే, అది 460 నానోమీటర్ల ప్రాంతంలో నీలికాంతిని ఇస్తుంది. కొలాజెన్ కూడా ప్రతిదీప్తిని చూపుతుంది.

హెచ్‌పీవీ వైరస్ సోకినవారిలో ఎక్కువమందికి అది దానంతటదే పోతుంది. కొందరిలో ఏళ్ల తరబడి నిలిచి కణాలను అసాధారణంగా మార్చవచ్చు. అప్పుడు కాంతిలో ఈ తేడాలు కనిపిస్తాయి:

1. ఉపకళలో జీవక్రియ మారి ఎన్‌ఏడీహెచ్ ప్రతిదీప్తి పెరుగుతుంది. అడుగున కొలాజెన్ ప్రతిదీప్తి తగ్గుతుంది.
2. కణ కేంద్రకాలు పెద్దవై, కాంతి పరిక్షేపణం మారుతుంది.
3. కొత్త రక్తనాళాల వల్ల హీమోగ్లోబిన్ శోషణ పెరుగుతుంది.

సన్నని ఆప్టికల్ ఫైబర్లతో కాంతిని పంపి, తిరిగి వచ్చిన కాంతి వర్ణపటాన్ని నమోదు చేస్తారు. 1925లో జర్మనీలో హాన్స్ హిన్సెల్‌మన్ ప్రవేశపెట్టిన కాల్పోస్కోపు కూడా కాంతి పరికరమే. పలుచని ఎసిటిక్ ఆమ్లం పూసినప్పుడు తెల్లబడే భాగాన్ని దానిలో పెద్దదిగా చూస్తారు. అయితే ఆ తెలుపును అంచనా వేయడం చూసేవారి అనుభవంపై ఆధారపడుతుంది. వర్ణపటం అదే తేడాను సంఖ్యల్లో చెబుతుంది.

కూలి మానుకుని దూరం నుంచి వచ్చిన స్త్రీ, ల్యాబు ఫలితం కోసం మళ్లీ రాలేకపోవచ్చు. కాంతి పరీక్ష అప్పటికప్పుడే సమాచారం ఇస్తుంది. దాని విలువ ఇక్కడే ఉంది.

అయితే ఒక హెచ్చరిక. ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చిన వాపు కూడా ఇలాంటి సంకేతాలనే ఇవ్వగలదు. వయసుతో కొలాజెన్ ప్రతిదీప్తి మారుతుంది. వ్యాధి ఉన్నవారిని వదలకపోవడం సున్నితత్వం. లేనివారిని అనుమానించకపోవడం నిర్దిష్టత. పరీక్షకు రెండూ కావాలి. అందుకే కాంతి ఎక్కడ అనుమానించాలో చూపుతుంది; నిర్ధారణకు అక్కడి నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేయాల్సిందే.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఉపకళలో ప్రతిదీప్తి పెరిగి, దాని అడుగున తగ్గడానికి కారణాలేమిటి?