గ్రామీణ వైద్యంలో నూతన సాంకేతిక పరిజ్ఞానం – సిబ్బంది, రోగుల ఆదరణే గీటురాయి

ప్రత్యేక వ్యాసం: పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు

వైద్య ఆరోగ్య రంగంలో కొత్త పరికరం గాని, కంప్యూటర్ విధానం గాని ప్రవేశపెట్టినంత మాత్రాన ప్రజలకు మేలు చేకూరదు. దానిని వాడే ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్త, వైద్యాధికారి తమ పనికి తోడుగా భావించాలి. రోగి దానిపై నమ్మకం ఉంచాలి. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో గత రెండు దశాబ్దాలలో అమలైన కార్యక్రమాలు ఈ విషయాన్ని స్పష్టం చేస్తున్నాయి.

2016 అక్టోబర్ 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో ఈ రెండు జిల్లాల నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలు కొత్తగా ఏర్పడినవి. ఒకవైపు సిరిసిల్ల మరమగ్గాల కార్మికులు, సింగరేణి బొగ్గుగనుల ప్రాంతాలు. మరొకవైపు ఉట్నూరు ఐ.టి.డి.ఎ. పరిధిలోని గోండు, కొలాం గూడేలు. ఒకే విధానం అన్నిచోట్లా ఒకే తీరున ఆదరణ పొందగలదని భావించలేము.

రెండు ప్రశ్నలు

నూతన పరిజ్ఞానాన్ని మనుషులు స్వీకరించడానికి రెండు అంశాలు ముఖ్యమని అమెరికా పరిశోధకుడు ఫ్రెడ్ డేవిస్ 1989లో వివరించారు. ఒకటి, దాని వల్ల తమకు ప్రయోజనం ఉన్నదా? రెండు, దానిని వాడడం సులభమా? ఈ రెండింటికీ అవునన్న సమాధానం లభించినచోట ఆదరణ సహజంగా పెరుగుతుంది.

2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన 108 అత్యవసర సేవ ఇందుకు చక్కని ఉదాహరణ. కాల్ సెంటర్, అంబులెన్సుల సమన్వయం వంటి క్లిష్టమైన వ్యవస్థ దీని వెనుక ఉన్నప్పటికీ ప్రజలు గుర్తుంచుకోవలసినది మూడు అంకెలే. ఫోన్ కాల్, ప్రయాణం రెండూ ఉచితం. చదువురాని వారికి సైతం ఇది అందుబాటులోకి వచ్చినది.

2021 జూన్‌లో తెలంగాణ డయాగ్నస్టిక్ కేంద్రాలు కరీంనగర్, ఆదిలాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌తో సహా 19 జిల్లా కేంద్రాలలో ప్రారంభమైనవి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సేకరించిన నమూనాను జిల్లా కేంద్రానికి పంపి, పరీక్షించి, ఫలితాన్ని ఆన్‌లైన్‌లో తెలియజేయడం ఈ విధానం. ఇందులో రోగికి ప్రయాణ ఖర్చు, కూలి నష్టం తగ్గుతాయి. వైద్యాధికారికి రోగ నిర్ధారణ సులభమవుతుంది. ప్రయోజనం ఇరువురికీ కనిపిస్తున్నది.

సిబ్బందిపై భారం

వివరాల నమోదు విషయంలో పరిస్థితి భిన్నమైనది. 2022 మార్చి 5న రాజన్న సిరిసిల్ల, ములుగు జిల్లాలలో ప్రయోగాత్మకంగా చేపట్టిన హెల్త్ ప్రొఫైల్ కార్యక్రమంలో సిబ్బంది ఇంటింటికీ వెళ్ళి రక్తపోటు, మధుమేహం తదితర వివరాలను సేకరించి ఆన్‌లైన్‌లో నమోదు చేశారు. ఇటువంటి కార్యక్రమాల విజయం నమోదు చేసే చేతులపైనే ఆధారపడి ఉంటుంది. రిజిస్టరులో రాసినదే మళ్ళీ ట్యాబ్‌లో, ఆపై మరొక పోర్టల్‌లో నమోదు చేయవలసి వస్తే ట్యాబ్ అదనపు భారమవుతుంది. అప్పుడు గడువు కోసం అంకెలు నింపే ప్రమాదం ఏర్పడుతుంది. తప్పుడు రక్తపోటు అంకె గర్భిణి ప్రాణానికే ముప్పు తేగలదు.

నమోదుకు ప్రత్యక్ష ఫలితం జోడించినప్పుడు పరిస్థితి మారుతుంది. 2017 జూన్‌లో ప్రారంభమైన కె.సి.ఆర్. కిట్ పథకంలో గర్భిణి వివరాల ఆన్‌లైన్ నమోదును బ్యాంకు ఖాతాలో విడతలవారీగా జమ చేసే ఆర్థిక సహాయంతో ముడిపెట్టారు. మగబిడ్డకు రూ. 12,000, ఆడబిడ్డకు రూ. 13,000 చొప్పున నిర్ణయించారు. తన వివరాలు సరిగా నమోదు కావడం గర్భిణికి స్వప్రయోజనమైనది.

భాష, నమ్మకం

2020 ఏప్రిల్‌లో ఈ-సంజీవని ద్వారా రోగులు ఇంటి నుండే వైద్యుని సంప్రదించే సదుపాయం దేశవ్యాప్తంగా ఏర్పడినది. అయితే నాడి పట్టి చూడని డాక్టరుపై నమ్మకం కలగడానికి సమయం పడుతుంది. గోండి, కొలామీ మాట్లాడే గూడేలలో తెర మీది వైద్యుని మాట వయోవృద్ధులకు బోధపడకపోవచ్చు. సిగ్నల్ అందని చోట సంప్రదింపు మధ్యలోనే ఆగిపోతుంది. ఈ పరిస్థితులలో రోగి పక్కన కూర్చుని అతని భాషలో వివరించే ఆశా కార్యకర్తే అసలైన వారధి.

గోప్యత కూడా నమ్మకంలో భాగమే. క్షయ, హెచ్.ఐ.వి., సికిల్ సెల్ వంటి వివరాలు బయటపడతాయన్న అనుమానం కలిగితే రోగి పరీక్షకే ముందుకు రాడు. వివరాలు ఎందుకు సేకరిస్తున్నారో, ఎవరు చూస్తారో ముందుగా చెప్పి సమ్మతి పొందడం అవసరం.

ఇకముందు ప్రవేశపెట్టే ప్రతి విధానంలో జంట నమోదును తొలగించడం, సిగ్నల్ లేనిచోట కూడా పనిచేసే ఏర్పాటు కల్పించడం, క్షేత్ర సిబ్బందికి తమ కేంద్రంలోనే శిక్షణ ఇచ్చి వారి సూచనలను స్వీకరించడం ఎంతో అవసరం. పంపిణీ అయిన ట్యాబుల సంఖ్యతో పాటు వాటి వల్ల సకాలంలో వైద్యం అందిన రోగుల సంఖ్యను కూడా సమీక్షా సమావేశాలలో పరిశీలించినప్పుడే సాంకేతిక పరిజ్ఞానం ఆశించిన ఫలితాలను ఇవ్వగలదు.