వానాకాలపు అడవి బాటల్లో పరుగు: బూట్లు, మేజోళ్ల ఎంపికే పాదాలకు రక్షణ

రుతుపవనాలు దక్షిణ గుజరాత్‌లో ప్రవేశించిన కొద్ది రోజులకే డాంగ్ జిల్లా కొండలు పచ్చబడతాయి. సూరత్‌కు సుమారు 160 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న సాపుతారా, వఘై సమీపంలోని గీరా జలపాతం, వల్సాడ్ జిల్లా ధరంపూర్ చెంతనున్న విల్సన్ హిల్స్ నగరవాసులను ఆకర్షిస్తాయి. తారు రోడ్డును వదిలి కాలిబాటలపై, కొండవాలులపై సాగే పరుగును ట్రెయిల్ రన్నింగ్ అంటారు. నగర రహదారులపై ఉదయపు పరుగుకు అలవాటుపడినవారిలో కొందరు ఈ బాటల వైపు మొగ్గు చూపేది ఈ చల్లని రోజుల్లోనే.

ఇదే కాలంలో సూరత్, నవ్‌సారీ, వల్సాడ్, తాపీ, డాంగ్ జిల్లాల్లో ఆరోగ్య శాఖ అప్రమత్తం కావలసిన వ్యాధి ఒకటి ఉంది. అది లెప్టోస్పైరోసిస్. వాడుకలో ఎలుక జ్వరం. ఎలుకలు, పశువుల మూత్రంతో కలుషితమైన నీటిలోను, బురదలోను ఉండే సూక్ష్మక్రిమి ఈ వ్యాధికి కారణం. చర్మంపై ఉన్న గాయాల ద్వారా, ఎక్కువసేపు నీటిలో నాని మెత్తబడిన చర్మం ద్వారా అది శరీరంలోకి ప్రవేశిస్తుంది. వరి, చెరకు పొలాల్లో నిలిచిన నీటిలో పనిచేసే రైతులు, కూలీలు దీనికి అధికంగా గురవుతారు. అదే బురదలో, పగిలిన పొక్కుతో గంట రెండు గంటలు పరుగెత్తే వ్యక్తికీ ఆ ముప్పు ఉంటుంది. అందువల్ల ఈ ప్రాంతంలో బూట్లు, మేజోళ్ల ఎంపికను సౌకర్యానికి సంబంధించిన విషయంగా మాత్రమే చూడరాదు. పాదంపై చర్మం చిట్లకుండా కాపాడుకోవడమే ఆ ఎంపికలోని మొదటి ఉద్దేశం.

పొక్కు ఎలా ఏర్పడుతుంది?

అడుగు పడిన ప్రతిసారీ పాదంలోని ఎముక ముందుకు కదులుతుంది. పైచర్మం మాత్రం మేజోడుకు అతుక్కుని అక్కడే నిలుస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న చర్మపు పొరలు వేల సార్లు సాగి, చివరకు విడిపోతాయి. ఆ ఖాళీలోకి ద్రవం చేరితే అదే పొక్కు. తేమ పట్టిన చర్మం పొడి చర్మం కంటే ఎక్కువగా అతుక్కుంటుంది కనుక వానాకాలంలో పొక్కులు త్వరగా వస్తాయి. బూటులోకి చేరిన ఇసుక రేణువు, మేజోడులో పడిన చిన్న మడత కూడా అందుకు చాలు.

మేజోళ్లు: నూలు గుణం తెలుసుకోవాలి

మేజోళ్ల విషయంలో సూరత్‌వాసులకు ఒక సౌలభ్యం ఉంది. నూలు గుణగణాలు వారికి కొత్త కాదు. తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చి లింబాయత్ తదితర ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు చేనేత కుటుంబాల్లో అనేకం ఇక్కడి మరమగ్గాలనే నమ్ముకుని జీవిస్తున్నాయి. ఆ మగ్గాలపై ప్రధానంగా నేసేది పాలియెస్టర్ వంటి కృత్రిమ పోగుల వస్త్రాలే. ఒంటికి హాయినిచ్చేది పత్తి అన్న అనుభవం వారిది. పరుగెత్తే పాదం విషయంలో మాత్రం ఆ లెక్క తారుమారవుతుంది.

సాధారణ వాతావరణంలో పత్తి తన పొడి బరువులో సుమారు 8 శాతం తేమను పీల్చుకుంటుంది. నైలాన్ 4 శాతం, పాలియెస్టర్ కేవలం 0.4 శాతం పీల్చుకుంటాయి. చెమటతో, వాగు నీటితో తడిసిన పత్తి మేజోడు బరువెక్కి, సాగి, మడతలు పడి, చర్మానికి అతుక్కుని ఉంటుంది. పైగా చాలాసేపటి వరకు ఆరదు. పాలియెస్టర్, నైలాన్‌లకు కొద్దిగా సాగే పోగు కలిపి అల్లిన మేజోళ్లు నీటిని పోగుల సందుల గుండా బయటికి పంపి త్వరగా ఆరతాయి. మెరినో ఉన్ని సుమారు 16 శాతం తేమను పీల్చినా దానిని పోగు లోపలే దాచుకుంటుంది కనుక తడి స్పర్శ అంతగా తెలియదు. అయితే దాని ధర ఎక్కువ, ఆరడానికి సమయమూ ఎక్కువే. తీరప్రాంతపు ఉక్కపోతలో పలుచని కృత్రిమ పోగుల మేజోళ్లే అనుకూలం.

చీలమండను పూర్తిగా కప్పే పొడవున్న మేజోళ్లను ఎంచుకోవాలి. ముళ్లు, గడ్డి కోతలు, చిన్న రాళ్లు వాటితో కొంతవరకు ఆగుతాయి. వేళ్ల మధ్య తరచూ ఒరిసేవారికి వేలికొక గది ఉండే మేజోళ్లు, మడమ వద్ద పొక్కులు వచ్చేవారికి రెండు పొరల మేజోళ్లు ఉపకరిస్తాయి. రెండు పొరల రకంలో రాపిడి చర్మంపై కాక పొరల మధ్యనే జరుగుతుంది. దూరపు పరుగుకు వెళ్లేటప్పుడు మరో జతను ప్లాస్టిక్ సంచిలో భద్రపరచి వెంట ఉంచుకోవాలి.

బూట్లు: అడుగు భాగమే కీలకం

డాంగ్ కొండలు దక్కన్ పీఠభూమికి చెందిన నల్ల రాతి నేల. వాన పడితే దిగువ ప్రాంతాల్లోని నల్లమట్టి బంకలా పట్టుకుంటుంది, పైనున్న రాళ్లపై నాచు పేరుకుంటుంది. టేకు చెట్ల వెడల్పాటి ఆకులు రాలి, తడిసి, కింద ఉన్న రాళ్లను కనిపించనీయవు. నరికిన వెదురు మొదళ్లు పదునుగా నేలలోంచి పైకి పొడుచుకుని ఉంటాయి. రోడ్డు పరుగుకు ఉద్దేశించిన నున్నని అడుగు గల బూట్లు ఇక్కడ పనికిరావు.

ట్రెయిల్ బూటు అడుగున ఉండే రబ్బరు పళ్లను చూసి నిర్ణయం తీసుకోవాలి. గట్టి నేలకు 3 నుంచి 4 మిల్లీమీటర్ల లోతు సరిపోతుంది. బురద బాటకు 5 నుంచి 6 మిల్లీమీటర్లు అవసరం. పళ్ల మధ్య ఎడం తగినంత ఉంటేనే నల్లమట్టి రాలిపోతుంది. ఎడం లేకపోతే మట్టి నిండి అడుగు మళ్లీ నున్నగా మారుతుంది. తడి రాయిపై పట్టు మాత్రం పళ్ల లోతు కంటే రబ్బరు మెత్తదనంపై ఆధారపడుతుంది. కాలి వేళ్ల ముందు గట్టి కవచం, అడుగు పొరల మధ్య రాళ్ల పోటును ఆపే పలుచని పలక ఉన్న బూట్లు వెదురు మొదళ్ల నుంచి పాదాన్ని కాపాడతాయి.

నీరు చొరబడని బూట్లు వానాకాలానికి మేలని చాలామంది భావిస్తారు. వాగులు దాటవలసిన బాటలో ఇది సరికాదు. చీలమండ పైనుంచి లోపలికి చేరిన నీటిని ఆ పొర బయటికి పోనీయదు. పాదం మిగిలిన దారంతా నీటిలో నానుతూనే ఉంటుంది. నీటిని వెంటనే వదిలివేసే పలుచని జాలీ వస్త్రం గల బూట్లే ఈ ప్రాంతానికి తగినవి.

కొలత ఎలా చూడాలి?

పగలంతా నడిచిన పాదం సాయంత్రానికి కొద్దిగా ఉబ్బుతుంది. పరుగులోనూ అంతే. కనుక బూట్లు సాయంత్రం వేళ, పరుగులో వాడే మేజోళ్లతోనే తొడిగి చూడాలి. రెండు పాదాలలో పెద్దదాని కొలతనే ప్రమాణంగా తీసుకోవాలి. అన్నింటికంటే పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. అది లేకపోతే కొండ దిగేటప్పుడు వేళ్లు ముందుకు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. మడమ మాత్రం కదలకూడదు. బూటు పైభాగంలో అదనంగా ఉండే చివరి రంధ్రం గుండా లేసును వలయంగా తీసి బిగిస్తే మడమ నిలకడగా ఉంటుంది.

కొత్త బూట్లతో నేరుగా అడవి బాటకు వెళ్లరాదు. ముందుగా రెండు మూడు చిన్న పరుగుల్లో వాడి, ఎక్కడ ఒరుస్తున్నదో గమనించాలి. సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్ల తర్వాత అడుగు అరిగిపోతుంది. రబ్బరు పళ్లు అరిగిన బూట్లను తడి బాటపై వాడడం ప్రమాదకరం.

పరుగుకు ముందు, తర్వాత

పాదంపై మానని గాయం లేదా పగిలిన పొక్కు ఉన్నప్పుడు నీటి బాటలకు దూరంగా ఉండటం ఉత్తమం. చిన్న గీతలను నీరు చొరని పట్టీతో కప్పాలి. ఎంత మంచి బూట్లయినా కలుషిత నీటిని పూర్తిగా ఆపలేవు. పారే వాగు కంటే పొలాల పక్కన, పశువుల పాకల వద్ద నిలిచిన నీరు ఎక్కువ ప్రమాదకరం. కొద్ది దూరం ఎక్కువైనా దానిని చుట్టి వెళ్లాలి.

ఇంటికి చేరగానే పాదాలను సబ్బుతో శుభ్రంగా కడిగి, వేళ్ల సందులు తుడిచి ఆరబెట్టాలి. బూట్ల లోపలి అట్టలను వేరు చేసి, పాత వార్తాపత్రికలను కూరి, గాలి తగిలే చోట నీడలో ఉంచాలి. తీవ్రమైన వేడి తగిలితే అడుగును అతికించిన జిగురు సడలుతుంది.

చివరిగా ఒక హెచ్చరిక. ఎలుక జ్వరం లక్షణాలు సాధారణంగా 5 నుంచి 14 రోజుల్లో, కొందరిలో 2 నుంచి 30 రోజుల మధ్య ఎప్పుడైనా కనిపిస్తాయి. హఠాత్తుగా జ్వరం, తలనొప్పి, కళ్లు ఎర్రబడటం, ముఖ్యంగా పిక్కల్లో తీవ్రమైన నొప్పి దీని లక్షణాలు. కొండ పరుగు తర్వాత పిక్కల నొప్పి సహజమే కనుక చాలామంది దానిని పట్టించుకోకపోవచ్చు. పరుగు వల్ల వచ్చే నొప్పి మూడు నాలుగు రోజుల్లో తగ్గుతుంది, దానితో జ్వరం రాదు. నొప్పితో పాటు జ్వరం ఉంటే ఆలస్యం చేయకుండా సూరత్‌లోని న్యూ సివిల్ ఆసుపత్రి, స్మీమెర్ వంటి ఆసుపత్రులను లేదా సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని సంప్రదించాలి. బురద నీటిలో పరుగెత్తిన విషయాన్ని వైద్యునికి తప్పక చెప్పాలి. తొలిదశలో యాంటీబయాటిక్ మందులతో నయమయ్యే ఈ వ్యాధి, ఆలస్యమైతే కాలేయాన్ని, మూత్రపిండాలను, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ముందు జాగ్రత్తగానైనా మందులను వైద్య సలహా లేకుండా వాడరాదు.