క్రియాశీల నక్షత్రకణాలు – కాలేయంలో నూతన రక్తనాళాల ఉత్పత్తి: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

నేటి పశ్చిమగోదావరి జిల్లా భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనల్లో కాలేయానికి విశిష్టస్థానం ఉంది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన సారథ్యంలోని బృందం కాలేయం నుండి ఫోలిక్ ఆమ్లాన్ని వేరుచేసి, 1945 నాటికి దానిని కృత్రిమంగా తయారుచేసింది. ఫోలిక్ ఆమ్లపు చర్యను అడ్డగించే మెథోట్రెక్సేట్ కూడా ఆ ప్రయోగశాలల కృషి ఫలితమే. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు నేటికీ వాడుతున్న ఈ ఔషధం దీర్ఘకాలంలో కొందరి కాలేయాన్ని గట్టిపరుస్తుంది. ఫైబ్రోసిస్ అనే ఈ స్థితికి మూలమైన కణాలే కొత్త రక్తనాళాలనూ పుట్టిస్తాయి. ఆ ప్రక్రియను వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

నక్షత్రకణాల స్వరూపం:

ఈ కణాలను 1876లో జర్మన్ శాస్త్రజ్ఞుడు కుప్ఫర్ వర్ణించి, ఆకారాన్ని బట్టి నక్షత్రకణాలని పేరుపెట్టాడు. ఇవి కాలేయకణాలకూ సూక్ష్మరక్తనాళికల గోడకూ నడుమ ఉండి, విటమిన్-ఎను కొవ్వుబిందువులలో నిల్వచేస్తాయి. వైరస్, మద్యం, ఔషధం వంటి వాటివల్ల కాలేయం గాయపడినప్పుడు ఇవి క్రియాశీలమై, ఆ నిల్వను కోల్పోయి, కొలాజెన్‌ను స్రవిస్తాయి. గాయం మానడానికి ఇది అవసరమే. గాయం కొనసాగితే మాత్రం మచ్చ పేరుకుపోతుంది.

రక్తనాళోత్పత్తి క్రమం:

మచ్చ పెరిగినకొద్దీ కణజాలానికి ఆక్సిజన్ తగ్గుతుంది. ఆ కొరతలో నిలదొక్కుకొనే హెచ్ఐఎఫ్-1 అనే ప్రొటీన్, వీఈజీఎఫ్ అనే వృద్ధికారకం తయారీని ప్రేరేపిస్తుంది. క్రియాశీల నక్షత్రకణాలు స్రవించే వీఈజీఎఫ్ రక్తనాళాల లోపొర కణాలను విభజింపజేసి కొత్త మొలకలు వేయిస్తుంది. అవే స్రవించే యాంజియోపొయటిన్-1 ఆ మొలకలను స్థిరపరుస్తుంది. లోపొర కణాలు పీడీజీఎఫ్‌ను విడుదలచేసి నక్షత్రకణాలను తమవైపు ఆకర్షిస్తాయి. ఈ విధంగా మచ్చ నాళాన్నీ, నాళం మచ్చనూ పెంచుతాయి.

పర్యవసానం:

పూడిపోయిన పంటకాలువ నీరు చేనుకు చేరక మురుగుకాలువలో కలిసినట్లు, ఈ నాళాల్లోని రక్తంలో కొంత కాలేయకణాలను తాకకుండానే పక్కదారి పడుతుంది. నాళాల సంఖ్య పెరిగినా కాలేయపు పనితీరు మెరుగుపడదు. పైగా ఈ నాళసంపద కాన్సర్ కణితికి పోషణ కాగలదు.

ముగింపు:

వీఈజీఎఫ్‌ను నిరోధించడమే పరిష్కారమని భావించరాదు. మచ్చ కరిగే దశలో కూడా అది తోడ్పడుతుందని ఎలుకలపై జరిగిన ప్రయోగాలు తెలిపాయి. గాయకారణం తొలగినప్పుడు కొన్ని నక్షత్రకణాలు నశిస్తాయి, మరికొన్ని తిరిగి నిద్రాణస్థితికి చేరువవుతాయి. అందువల్ల మెథోట్రెక్సేట్ వాడేవారికి వైద్యుని పర్యవేక్షణలో క్రమబద్ధమైన రక్తపరీక్షలు, మద్యానికి దూరంగా ఉండటం అత్యావశ్యకాలు.