ఊరి బడికి నడిచొచ్చిన యూనివర్సిటీ

పువ్వును విప్పి లోపలి భాగాలు చూడాలంటే సన్నని సూది కావాలి. హోషంగాబాద్ జిల్లా పిల్లలు ఆ పనికి తుమ్మముల్లు వాడేవారు. మధ్యప్రదేశ్‌లో ఇప్పుడు నర్మదాపురం అని పిలుస్తున్న ఆ జిల్లాలో, 1972లో 16 పల్లెటూరి మిడిల్ స్కూళ్లలో ఒక ప్రయోగం మొదలైంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా సైన్సును బట్టీ పట్టించకుండా, పిల్లల చేతనే చేయించి నేర్పాలన్నది సంకల్పం. ఫ్రెండ్స్ రూరల్ సెంటర్, కిశోర్ భారతి అనే రెండు స్వచ్ఛంద సంస్థలు పూనుకున్నాయి. రాష్ట్ర ప్రభుత్వం సరేనంది.

టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు, వారి వెంట ఢిల్లీ యూనివర్సిటీ అధ్యాపకులు ఆ ఊళ్లకు వచ్చారు. సెలవు పెట్టుకుని సేవ చేసిపోవడానికి కాదు. అధ్యాపకులు అక్కడ పనిచేసేందుకు యూజీసీ ప్రత్యేకంగా ఫెలోషిప్పులు ఇచ్చింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే. పల్లె బడిలో పాఠం తయారుచేయడం కూడా యూనివర్సిటీ పనేనని వ్యవస్థ ఒప్పుకుంది. ఒప్పుకుంది కనుకే ఆ పని ఏళ్ల తరబడి నిలిచింది.

తరగతిలో నలుగురేసి పిల్లలు జట్టుగా కూర్చుని ప్రయోగం చేసేవారు. ‘బాల్ వైజ్ఞానిక్’ అనే పుస్తకంలో ప్రశ్నలుండేవి, జవాబులుండేవి కావు. చేసి, చూసి, వాదించుకుని పిల్లలే రాసుకోవాలి. పరీక్షలోనూ పుస్తకం తెరిచి చూసుకోవచ్చు. ప్రయోగ పరీక్ష వేరే ఉండేది. ఎండాకాలం సెలవుల్లో బడి పంతుళ్లకు శిక్షణ ఇచ్చేవారు. ప్రొఫెసర్లతో కలిసి వాళ్లూ ప్రతి ప్రయోగాన్నీ స్వయంగా చేసేవారు. తరగతిలో ఏ పాఠం నడవలేదో, ఏ ప్రయోగం కుదరలేదో పంతుళ్లు చెబితే పుస్తకాన్ని మార్చి రాసేవారు. యూనివర్సిటీ చెప్పేది, బడి వినేది అన్న తీరు అక్కడ చెల్లలేదు.

ఐఐటీ కాన్పూర్‌లో చదివిన ఇంజినీరు అరవింద్ గుప్తా 1978లో ఉద్యోగానికి విరామమిచ్చి ఇక్కడికి వచ్చారు. సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కల్లో అగ్గిపుల్లలు గుచ్చి త్రిభుజాలు, ఘనాలు కట్టడం ఈ ఊళ్ల సంతల్లోంచే ఆయనకు పట్టుబడింది. ఆ తర్వాత పుణెలో యూనివర్సిటీల ఉమ్మడి ఖగోళ కేంద్రం ‘అయూకా’లో పిల్లల సైన్సు కేంద్రాన్ని నడిపి, పారేసే వస్తువులతో చేసిన బొమ్మలను దేశమంతటికీ చేర్చారు. 2018లో పద్మశ్రీ అందుకున్నారు.

పిల్లల సందేహాలు తీర్చడానికి ‘సవాలీరాం’ అని ఒక పాత్రను సృష్టించారు. మనసులో ఏం తొలిచినా పిల్లలు సవాలీరాంకు ఉత్తరం రాసేవారు. ఆ పేరుతోనే జవాబు వచ్చేది. తన ప్రశ్నకు జవాబు రాయడానికి ఎక్కడో ఓ పెద్దమనిషి కూర్చున్నాడని పల్లెటూరి పిల్లకు తెలియడం చిన్న సంగతి కాదు.

1978లో కార్యక్రమం జిల్లా అంతటికీ విస్తరించింది. 1982లో పుట్టిన ‘ఏకలవ్య’ సంస్థ దాన్ని భుజాన వేసుకుంది. చివరికి పలు జిల్లాల్లో వెయ్యి బడుల దాకా చేరింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపేసింది. శాస్త్రవేత్తలు, విద్యావేత్తలు అభ్యంతరం చెప్పినా ఫలితం లేకపోయింది. నా దృష్టిలో అది తప్పుడు నిర్ణయం. ముప్పై ఏళ్ల అనుభవాన్ని సరిదిద్దుకోవాలి గానీ, మూసేస్తారా?

ఫిబ్రవరి 28న జాతీయ సైన్సు దినోత్సవం. ఆ రోజు దేశంలో ఎన్నో క్యాంపసులు పిల్లలకు గేట్లు తెరుస్తాయి. మంచిదే. పెద్ద టెలిస్కోపును చూసిన పిల్ల కళ్లలో మెరుపు నిజమైనదే. కానీ మర్నాడు ఆ పిల్ల మళ్లీ నల్లబల్ల మీది జవాబునే ఎక్కించుకుంటుంది. మన తెలుగు యూనివర్సిటీల వైస్‌చాన్సలర్లకు నా విన్నపం: ఏడాదికో రోజు పిల్లలను పిలవడంతో సరిపెట్టకండి. మీ అధ్యాపకులను చుట్టుపక్కల పది ప్రభుత్వ బడులకు పంపండి. వెళ్లినవారి పనిని పదోన్నతిలో లెక్కలోకి తీసుకోండి.